లింగం అంటే గుర్తు

తొమ్మిదో తరగతిలో మా తెలుగు మాస్టారు "లింగములు మూడు" అని బోర్డు మీద రాయగానే వెనక బెంచీల్లో కిసుక్కుమని నవ్వులు మొదలయ్యాయి. ఆయన కోప్పడలేదు. ఆ పక్కనే ఇంకో మూడు మాటలు రాశారు: దారాః, భార్యా, కళత్రమ్. మూడింటికీ అర్థం పెళ్లామే. కానీ సంస్కృతంలో మొదటిది పుంలింగం, రెండోది స్త్రీలింగం, మూడోది నపుంసకలింగం. "ఇప్పుడు చెప్పండర్రా, లింగం ఒంట్లో ఉందా, మాటలో ఉందా?" అని అడిగారు. క్లాసులో చప్పుడు లేదు.

ఆ ప్రశ్న చాలా పాతదని తర్వాతెప్పుడో తెలిసింది. రెండు వేల ఏళ్లకు పైగా కిందట పతంజలి తన మహాభాష్యంలో దీన్ని పట్టుకున్నాడు. రొమ్ములూ కేశాలూ ఉంటే స్త్రీ, ఒంటి నిండా రోమాలుంటే పురుషుడు అనే లెక్క ఒకటి ముందు పెట్టి, మరి మంచమనే ఖట్వా స్త్రీలింగం ఎలా అయింది, చెట్టనే వృక్షం పుంలింగం ఎలా అయింది అని తనే అడ్డుప్రశ్న వేశాడు. మంచానికి రొమ్ములు లేవు, చెట్టుకు మీసాలు లేవు. శరీరాన్ని చూసి మాటకు అర్థం చెప్పబోతే దారి ఎక్కడ మూసుకుపోతుందో వ్యాకరణకారుడికి అప్పుడే తెలుసు.

లింగం అనే మాటకు మూలార్థం గుర్తు. కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పుందని చెబుతాం కదా, తర్కశాస్త్రంలో ఆ పొగను లింగం అంటారు. కంటికి కనబడుతూ, కనబడని దాన్ని చూపించేది. అదే మాట ఆడా మగా తేడా తెలిపే అవయవానికి పేరైంది, గుళ్లో శివుడికి పేరైంది, వ్యాకరణంలో పదాల జాతికి పేరైంది. ఇవాళ కూడా స్కానింగ్ సెంటర్ గోడ మీద లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు అన్న బోర్డు చదువుతాం, పేపర్లో లింగ వివక్ష అన్న హెడ్డింగ్ చదువుతాం, లింగయ్య అనే మనిషిని పేరు పెట్టి పిలుస్తాం. ఎక్కడికక్కడ చెవి సర్దుకుంటుంది. బయాలజీ క్లాసులో మాత్రం తడబడుతుంది.

పురుషాంగ ప్రతీకలు, అంటే ఇంగ్లిషు చదువుల్లో ఫాలిక్ సింబల్స్ అనేవి, వాటి గురించి మాట్లాడేటప్పుడు చాలామంది "ఇది అదేనా, కాదా?" అన్న ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. నాకు ఆ ప్రశ్న సగమే అనిపిస్తుంది. ఆ బొమ్మతో, ఆ మాటతో ఆ మనుషులు ఏం పని చేయించుకున్నారు అన్నది మిగతా సగం. జర్మనీలో హోలె ఫెల్స్ అనే గుహలో పద్నాలుగు ముక్కలుగా దొరికిన ఒక రాతి వస్తువును అతికించి చూస్తే నున్నగా సానబెట్టిన పురుషాంగమని తేలింది. సుమారు 28,000 ఏళ్ల నాటిది, పొడవు 20 సెంటీమీటర్ల లోపు. ఆకారం విషయంలో అనుమానం అక్కర్లేదు, కొస దగ్గర గాడి కూడా చెక్కి ఉంది. అయితే దాని మీద చెకుముకి రాళ్లు చెక్కినప్పుడు పడే దెబ్బల గుర్తులు కూడా ఉన్నాయి. అంటే దాన్ని సుత్తిగా కూడా వాడారు. ఆకారం ఒకటే చూస్తే సుత్తి కనబడదు.

ఈ విషయంలో రోమన్లంత ఉదారంగా ఆధారాలు వదిలిపెట్టినవాళ్లు తక్కువ. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిదలో పూడిపోయిన పాంపేయిలో ఒక బేకరీ ఉంది. అక్కడ పొయ్యికి పైన గోడలో ఒక రాతి పలక, పలక మీద నిగిడిన పురుషాంగం, దాని చుట్టూ లాటిన్‌లో మూడు మాటలు: హిక్ హాబితాత్ ఫెలిసితాస్. సౌభాగ్యం ఇక్కడ కాపురముంటుంది అని. బొమ్మను మాత్రమే చూపించి ఇది ఎక్కడిదో చెప్పమంటే మనలో పదిమందికి తొమ్మిదిమంది వేశ్యాగృహం అంటారు. అది రొట్టెలు కాల్చే చోటు. ఫెలిసితాస్ అన్న మాటలోనే కాయలు కాయడం, ఫలించడం అనే అర్థం ఉంది. పిండి పొంగాలి, పొయ్యి చల్లారకూడదు, బేరం పడిపోకూడదు, ఎదుటివాడి కన్ను తగలకూడదు. ఆ బొమ్మ వెనక నాకు కనిపించేది ఈ కోరికలే.

కన్ను తగలడం అన్నాను. లాటిన్‌లో ఫాసినుమ్ అనే మాట ఉంది. దానికి దిష్టి అనీ అర్థం, దిష్టి తగలకుండా వేలాడదీసే పురుషాంగం బొమ్మ అనీ అర్థం. రోగానికీ మందుకీ ఒకటే పేరు. ఇవాళ ఇంగ్లిషులో మనసు దోచుకుంది అనడానికి వాడే ఫాసినేట్ అన్న మాట దీని కూతురే. ఎవరైనా ఫాసినేటింగ్ అంటే, మాట చరిత్ర ప్రకారం, నాకు దిష్టి కొట్టింది అన్నట్టు. ఈ బొమ్మలకు రెక్కలు పెట్టేవారు, సింహం కాళ్లు పెట్టేవారు, కింద చిన్న చిన్న గంటలు కట్టి గుమ్మాల దగ్గర వేలాడదీసేవారు. విజయయాత్ర చేసే సేనాని రథం కింద అసూయ తగలకుండా ఈ బొమ్మనే కట్టేవారని రోమన్ రచయిత పెద్ద ప్లినీ రాశాడు. కీడు కలగకుండా మగపిల్లల మెడలో "కాస్త సిగ్గుమాలిన వస్తువు" ఒకటి కడతారని వారో అనే పండితుడు రాశాడు. ఆయన మాట గమనించండి. రోమన్లకు అది సిగ్గు పడాల్సిన వస్తువని తెలియక కాదు. తెలిసే పసివాడి మెడలో కట్టారు.

ఎందుకు? గ్రీకు రచయిత ప్లూటార్క్ దగ్గర దీనికి ఒక జవాబుంది. ఇలాంటి రక్షల వింత ఆకారం చెడుచూపును తనవైపు లాక్కుంటుంది, దాంతో ఆ చూపు మనిషి మీద పడే జోరు తగ్గుతుంది అంటాడు. దిష్టిబొమ్మ అన్న మాట తెలిసిన తెలుగువాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. కోరలు, గుడ్లురిమిన కళ్లు, బయటికి వేలాడే నాలుక చేసే పనే అక్కడ పురుషాంగం చేసింది. చూడకూడనిది ఎదురుగా పెడితే కన్ను ముందు దాని మీదే పడుతుంది.

అదే రోమన్ల చేతుల్లో అదే బొమ్మ తిట్టు కూడా అయింది. బ్రిటన్‌లో హేడ్రియన్ గోడకు దగ్గర్లోని విండొలాండా కోటలో 2022లో ఒక రాయి దొరికింది. సెకుందినుస్ అనే వాణ్ని పచ్చిబూతు తిట్టి, పక్కన పురుషాంగం చెక్కాడు ఎవడో సైనికుడు. మూడో శతాబ్దం నాటిది. బేకరీలో దీవెన, కోటలో బూతు. గీతలు దాదాపు అవే.

గ్రీకుల దగ్గర ఇది ఊరి సరిహద్దు పనికీ, ప్రభుత్వం పనికీ దిగింది. ఏథెన్స్‌లో ఇళ్ల గుమ్మాల దగ్గర, కూడళ్లలో హెర్మ్‌లు ఉండేవి. పైన హెర్మీస్ దేవుడి తల, కింద నలుచదరపు రాతి స్తంభం, మధ్యలో నిగిడిన అంగం, అంతే. చేతులు, కాళ్లు ఉండవు. క్రీ.పూ. 415లో సిసిలీ మీదికి నౌకాదళం బయలుదేరబోయే ముందు ఒక రాత్రి ఎవరో నగరమంతా తిరిగి ఈ విగ్రహాలను విరగ్గొట్టారు. తెల్లారేసరికి ఊరంతా గగ్గోలు. దండయాత్రకు అపశకునమన్నారు, ప్రజాస్వామ్యాన్ని కూలదోసే కుట్ర అన్నారు, మరణశిక్షలు పడ్డాయి, సేనాపతుల్లో ఒకడైన ఆల్కిబయడీస్ చివరికి శత్రువుల పంచన చేరాల్సి వచ్చింది. అశ్లీల బొమ్మలు పగిలితే ఎవరూ ఇంత వణికిపోరు. అవి వాళ్లకు గడపను కాచే దేవుళ్లు. బ్రెయా అనే కొత్త వలస పెట్టినప్పుడు, మీరు ద్రాక్షసారా దేవుడు దియోనిసస్ ఉత్సవానికి ఒక పురుషాంగం బొమ్మ పంపాలి అని ఏథెన్స్ శాసనంలోనే రాయించింది, కప్పం పంపమన్నంత మామూలుగా. ఆ ఉత్సవాల్లో అంగాన్ని ఊరేగిస్తూ పాడే పాటల నుంచే హాస్యనాటకం పుట్టిందని అరిస్టాటిల్ అన్నాడు.

ఇప్పుడు మాటల్లోకి. లాటిన్‌లో పీనిస్ అంటే మొదట తోక. రోమన్ వక్త సిసెరో ఒక స్నేహితుడికి రాసిన ఉత్తరంలో దీని గురించే వాపోతాడు: మన పెద్దలు తోకను ఆ మాటతోనే పిలిచేవాళ్లు, ఇప్పుడేమో అది బూతైంది. బూతు మాట నోట రాకూడదని మర్యాదగా తోక అన్నారు, కొన్నాళ్లకు తోకే బూతైపోయింది. మర్యాద మాటలన్నిటికీ పట్టే గతే ఇది. ప్రతి తరం ఒక ముసుగు వేస్తుంది, ఆ ముసుగు మాసిపోతుంది, తర్వాతి తరం ఇంకోటి వెతుక్కుంటుంది. తెలుగులో మర్మాంగం అన్నా, జననాంగం అన్నా, నడుముకు పెట్టిన మొల అన్న పేరును కిందికి జార్చి వాడినా జరిగేది అదే. ఆ తోక మాటకే చిన్న తోక అనే రూపం పెనిసిల్లుస్. దాని నుంచి చిత్రకారుడి కుంచె, కుంచె నుంచి పెన్సిల్, కుంచెలా కనబడే బూజు పేరు మీదుగా పెన్సిలిన్. వెజైనా అంటే లాటిన్‌లో కత్తి ఒర. అదే మాట స్పానిష్‌లోకి పోయి గింజల మీది కాయ తొడుగై, చిన్న తొడుగు అన్న అర్థంలో వెనిల్లా అయింది. ఆర్కిడ్ అన్న పువ్వు పేరు గ్రీకులో వృషణానికున్న పేరు, దుంపల ఆకారం చూసి పెట్టింది. పెన్సిల్ పట్టుకున్న పిల్లాడికి ఇవేవీ గుర్తుకు రావు, రావాల్సిన పని కూడా లేదు. ఈ సంగతి ఇంకాసేపట్లో మళ్లీ పనికొస్తుంది.

మరి మన కన్ను ఎప్పుడు మారింది? పాంపేయిలో దొరికిన ఇలాంటి వస్తువులన్నీ నేపుల్స్ మ్యూజియంలో చేరాయి. 1819లో ఆ రాజ్యానికి కాబోయే రాజు ఫ్రాన్సిస్ భార్యనూ కూతుర్నీ వెంటబెట్టుకుని చూడటానికి వచ్చి, ఇవి చూసి కంగారుపడి, ఒక గదిలో పెట్టి తాళం వేయించాడు. రహస్య గది అని పేరు పడింది. అందరికీ తెరిచింది 2000లో. లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం కూడా 1865లో ఇలాంటి రహస్య విభాగమే పెట్టుకుంది. బేకరీ పలక, పిల్లాడి తాయెత్తు, శృంగార చిత్రం, తోటలో దొంగల్ని బెదిరించే ప్రయాపస్ విగ్రహం, అన్నీ ఒకే తాళం కింద పడ్డాయి. వాటిని కలిపిన దారం ఒక్కటే, చూసేవాడి సిగ్గు. నా ఉద్దేశంలో ఆ గది కట్టినప్పుడే ఈ ప్రతీకల అర్థాలన్నీ కలిసి ఒక ముద్దైపోయాయి.

తర్వాత ఫ్రాయిడ్ వచ్చి ఆ ముద్దకు సిద్ధాంతం ఇచ్చాడు. కలలో కర్రలు, చెట్టు మొదళ్లు, గొడుగులు, కత్తులు కనిపిస్తే అవి పురుషాంగానికి బదులుగా నిలబడొచ్చు అన్నాడు. ఆయన చూస్తున్నది తన దగ్గరికొచ్చే మనుషుల కలల్ని. అది కాస్తా బయటికొచ్చి, నిలువుగా ఉన్నదల్లా అదే అనే ఇంటర్నెట్ ఆటగా మారింది. కొన్నిసార్లు చుట్ట అంటే చుట్టే అని ఆయన అన్నట్టు ఒక వాక్యం తిరుగుతుంటుంది, అది ఆయన అన్నదనడానికి ఆధారం లేదు. 1958లో లకాన్ అనే ఫ్రెంచి మనోవిశ్లేషకుడు ఇంకో మెలిక పెట్టాడు. తను ఫాలస్ అంటున్నది అవయవాన్ని కాదనీ, అది ఎవరి దగ్గరా లేని, అందరూ ఉందనుకునే అధికారానికి సంకేతమనీ ఆయన వాదన. ఆ వాదన అర్థం కావడం కష్టం, కానీ అవయవాన్నీ సంకేతాన్నీ విడదీయాలన్న పట్టుదల నాకు నచ్చుతుంది.

ఆకాశహర్మ్యాల గురించి ఒక్క మాట. భూమి ఖరీదు, ఉక్కు చట్రం, లిఫ్టు, ఈ మూడూ కలిసొచ్చాక భవనాలు నిలువుగా పెరిగాయి. ఈజిప్టు ఏకశిలా స్తంభాలు సూర్యదేవుడికి నిలబెట్టినవి. నా టవర్ నీ టవర్ కంటే ఎత్తు అని యజమానులు పోటీ పడినప్పుడు అందులో మగతనం లెక్క తొంగిచూడొచ్చు. ఉన్నది ఆ పోటీ మాటల్లో, స్తంభం ఆకారంలో కాదు. ఇంగ్లండులో సెర్న్ ఆబాస్ కొండ మీద సుద్దతో గీసిన 55 మీటర్ల నగ్న పురుషుడున్నాడు. ఆదిమ సంతాన దేవుడని కొందరు, హెర్క్యులిస్ అని కొందరు, 17వ శతాబ్దపు రాజకీయ వ్యంగ్యచిత్రమని కొందరు ఏళ్ల తరబడి వాదించారు. 2021లో మట్టిని పరీక్షిస్తే క్రీ.శ. 700 నుంచి 1100 మధ్య గీసిందని తేలింది. దాదాపు ఎవరి ఊహా నిలవలేదు.

ఇంతదూరం వచ్చి శివలింగం సంగతి ఎత్తకుండా పక్క నుంచి వెళ్లిపోవడం నిజాయితీ కాదు. తిరుపతి జిల్లా గుడిమల్లంలో పరశురామేశ్వరాలయం మూలవిరాట్టు అయిదడుగుల ఎత్తు లింగం. క్రీస్తు పూర్వపు శతాబ్దాల నాటిదని చాలామంది పండితుల అంచనా. ముందువైపు శివుడు గొడ్డలి పట్టుకుని, మరుగుజ్జు మీద నిలబడి ఉంటాడు. వెనక ఉన్న స్తంభం పైభాగాన్ని శిల్పి పురుషాంగం ఆకారంలోనే, దాపరికం లేకుండా చెక్కాడు. దాన్ని చూసి ఇక్కడ అలాంటిదేం లేదు అనడం ఆ శిల్పి ఉలిని కాదనడమే.

రెండో వైపు కూడా అంత బలంగానే ఉంది. తర్వాతి శతాబ్దాల్లో లింగం ఆకారం నునుపుదేలి, గుండ్రని కొసతో మామూలు స్తంభమైంది. లింగోద్భవ కథలో అది మొదలూ చివరా లేని అగ్నిస్తంభం. బ్రహ్మ హంసై పైకి, విష్ణువు వరాహమై కిందికి వెళ్లినా అంతు దొరకలేదు. వీరశైవులు మెడలో కట్టుకునే ఇష్టలింగానికి ఆ పోలికే లేదు. సర్వం లయించేది లింగం అన్న వ్యుత్పత్తి శైవులు చెప్పుకున్నదే. 1900లో పారిస్‌లో జరిగిన మతాల చరిత్ర సదస్సులో గుస్తావ్ ఓపెర్ట్ అనే జర్మన్ పండితుడు శివలింగానిది పురుషాంగ మూలమని వాదిస్తే, స్వామి వివేకానంద లేచి దాని మూలం అథర్వవేదంలోని యూపస్తంభ స్తుతిలో, అంటే యజ్ఞంలో పాతే స్తంభాన్ని పొగిడే చోట, ఉందన్నాడు. ఋగ్వేదంలో శిశ్నదేవాః అన్న మాట రెండుచోట్ల వస్తుంది. శిశ్నమే దేవుడైనవాళ్లు అని కొందరు ఆధునికులు తీసుకున్నారు. వేదంలోని మాటలకు అర్థాలు చెప్పిన ప్రాచీనుడు యాస్కుడు మాత్రం బ్రహ్మచర్యం లేనివాళ్లు అని అర్థం చెప్పాడు, అంటే కామానికి బానిసలని. ఒక్క సమాసం చుట్టూ ఇంత దూరం.

ఈ గొడవలో రెండు పక్షాలూ ఒకే చోట పొరబడుతున్నాయని నాకనిపిస్తుంది. మూలం తేలితే అర్థం తేలిపోతుందని ఇద్దరూ అనుకుంటున్నారు. అందుకే ఒకరు మూలాన్ని చూపించి భక్తుణ్ని ఎద్దేవా చేస్తారు, ఇంకొకరు భక్తుణ్ని కాపాడాలని మూలాన్నే చెరిపేస్తారు. పెన్సిల్‌కు తోక మూలం కావడం ఎంత నిజమో, పిల్లాడు దానితో రాస్తున్నది అక్షరాలే అన్నదీ అంతే నిజం. లింగం మీద నీళ్లు పోసే ఆవిడ మనసులో ఉన్నది శివుడు. గుడిమల్లం శిల్పి మనసులో ఉన్నదీ శివుడే, అయితే ఆ శిల్పికి సృష్టి చేసే శక్తిని ఆ ఆకారంలో చెప్పడానికి సిగ్గు అడ్డం రాలేదు.

భూటాన్‌లో ఇళ్ల గోడల మీద రంగురంగుల్లో పురుషాంగాలు గీస్తారు. 1455లో పుట్టిన ద్రుక్పా కున్లే అనే దివ్యోన్మాది గురువు పేరు మీద సాగే ఆచారమిది. చెడు కన్ను, నలుగురి నోటి మాట ఇంటికి తగలకూడదని. జపాన్‌లో కవాసాకి నగరంలోని కనయామా మందిరంలో ఏప్రిల్ మొదటి ఆదివారం ఉక్కు పురుషాంగాన్ని ఊరేగిస్తారు. కమ్మరుల దేవతల చోటది. సుఖవ్యాధులు సోకకూడదని ఒకప్పుడు వేశ్యలు మొక్కుకునేవారు. ఇప్పుడు ఉత్సవంలో వచ్చిన డబ్బు హెచ్‌ఐవీ పరిశోధనకు పోతుంది. ఆ ఊరేగింపు ఫొటోలు చూసి నవ్వుకునేవాళ్లకు ఈ చివరి సంగతి సాధారణంగా చేరదు.

కాపాడే గుర్తుగా ఉన్నంతసేపు నాకు ఈ ప్రతీకతో పేచీ లేదు. లొంగదీసే గుర్తుగా మారినప్పుడే టెన్షన్ మొదలవుతుంది. అదీ కొత్తదేం కాదు. ఈజిప్టు రాజు మెర్నెప్తా లిబియన్లను ఓడించాక, చచ్చినవాళ్ల అంగాలు కోసి తెచ్చి వేలల్లో లెక్కపెట్టిన వివరం కర్నాక్ గోడల మీద ఉంది. గెలుపుకు అదే రసీదు. దాదాపు మూడు వేల రెండొందల ఏళ్ల తర్వాత, అణ్వాయుధ వ్యూహకర్తల మధ్య కొంతకాలం గడిపిన క్యారల్ కోన్ అనే అమెరికా పరిశోధకురాలు 1987లో ఒక వ్యాసం రాసింది. చొచ్చుకుపోవడం, నిటారుగా లేపడం లాంటి మాటలు అక్కడ ఏ దాపరికం లేకుండా దొర్లుతున్నాయంటుంది. సబ్‌మెరైన్ చూడబోయినవాళ్లను క్షిపణిని చేత్తో తట్టి చూడమనేవారట. ఇక్కడ ఆమె సులువైన దారి పట్టలేదు. తట్టడంలో కామం ఉందని తేల్చేసి ఊరుకోకుండా, మనం వేటిని తడతాం అని అడిగింది. పసిపిల్లల్ని, పెంపుడు కుక్కల్ని. ఊళ్లకు ఊళ్లు బూడిద చేసేదాన్ని తట్టడంలో దాన్ని ముద్దైన, భయం లేని వస్తువుగా మార్చుకునే పని ఉందని చూపించింది.

మన మాటల్లో ఆ బొమ్మ ఎక్కడా కనబడదు, కానీ పని మాత్రం చేస్తూనే ఉంటుంది. వీర్యం అంటే శౌర్యం, వీర్యం అంటే రేతస్సు. చట్టాన్ని నిర్వీర్యం చేశారు, బాంబును నిర్వీర్యం చేశారు అని రోజూ పేపర్లో చదువుతాం. బలం పోవడమంటే ఆ ఒక్క ద్రవం పోవడమే అన్నట్టు. పురుషుడి నుంచి పౌరుషం, మగ నుంచి మగతనం, మగతనం అంటే ఒకేసారి ధైర్యం, పడగ్గది సామర్థ్యం. లాటిన్‌లో కూడా మగవాణ్ని చెప్పే విర్ నుంచే వర్చ్యూ పుట్టింది. ఇక మీసం మెలేయడం, తొడ కొట్టడం, మగాడివైతే రా అనడం, మేమేం గాజులు తొడుక్కుని కూర్చోలేదు అనడం. గాజుల మాట అనేవాడు పురుషాంగం పేరెత్తడు. ఎదుటివాడికి అది లేదన్న సూచనతోనే పని జరిగిపోతుంది, ఆ దారిలో గాజులున్న చేతులన్నీ చేతకాని చేతులైపోతాయి. దాన్ని ఆడవాళ్లు కూడా మామూలు నానుడిలా వాడటం వింటుంటే నాకు బాధేస్తుంది. బూతు అని దేన్నయినా పక్కన పెట్టాల్సి వస్తే, నేను బేకరీ పలకను వదిలేసి ఈ గాజుల మాటను పెడతాను.

ఈమధ్య ఒక క్లినిక్‌లో చూశాను. అయిదేళ్ల బాబు, జబ్బకు సూది పొడిచారు. మొహం కందిపోయింది, నోరు తెరిచాడు, ఏడుపు ఇంకా బయటికి రాలేదు. "మగపిల్లాడివి కదరా, ఏడుస్తావా?" అన్నాడు పక్కనున్న తండ్రి, ప్రేమగానే. బాబు నోరు మూసుకున్నాడు. వారో చూసిన పిల్లవాడి మెడలో ఆ వస్తువు వాణ్ని కాచడానికి కట్టారు. ఈ బాబు దూదిని గట్టిగా నొక్కి పట్టుకుని, గుటకలు మింగుతూ, తండ్రి వెనక నడిచి బయటికి వెళ్లాడు.